పికప్ బండిపై పది బస్తాలు ఎక్కువ వేస్తే అసలు ఖరీదెంత?

ధాన్యం, మిర్చి, పసుపు సీజన్లు ఊపందుకున్నప్పుడల్లా మార్కెట్ యార్డుల వద్ద లారీలకు గిరాకీ పెరగడం, చిన్న మోతాదు సరుకును పికప్ బండ్లపై తరలించడం రివాజయింది. 2005లో 750 కిలోల తరగతి టాటా ఏస్, 2011లో టన్నుంపావు తరగతి అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చిన తర్వాత, బొలెరో పికప్‌లతో కలిపి ఈ బండ్లు లేని వ్యాపార కేంద్రం లేదు. కిరాయి సాధారణంగా బండికి ఇంత అని మాట్లాడుకుంటారు, బస్తాకు ఇంత అని కాదు. అందువల్ల పట్టినన్ని బస్తాలు ఎక్కించడమే లాభమనే అభిప్రాయం వర్తకులలో స్థిరపడింది. ఈ అభిప్రాయం లెక్కకు నిలిచేది కాదు.

పికప్ బండిలో బరువు మోసేది పైకి కనిపించే బాడీ కాదు. దాని అడుగున ఛాసిస్ అనే ఉక్కు చట్రం వుంటుంది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డపట్టీలు. నిచ్చెనను నేలకు సమాంతరంగా పడుకోబెట్టినట్లు వుంటుంది. రెండు ఇరుసుల నడుమ బరువు పడితే దూలాలు కిందికి వంగ చూస్తాయి, వాటి కింది అంచు సాగుతుంది. వెనుక ఇరుసుకు అవతల బరువు వేలాడితే పై అంచు సాగుతుంది. దూలం బలమంతా ఈ పై, కింది అంచులలోనే ఎక్కువగా వున్నది. బాడీ బిగించడానికి ఆ అంచులకు రంధ్రాలు వేయడం, అక్కడ వెల్డింగు పెట్టడం కూడదని తయారీదారులు చెప్పేది ఇందుకే. రంధ్రం చుట్టూ ఒత్తిడి పోగుపడుతుంది, పగులు అక్కడే పుడుతుంది.

“రెట్టింపు బరువు వేసినా విరగలేదు, కంపెనీవారు తగ్గించి రాస్తారు” అని డ్రైవర్లు అనడం కద్దు. ఇందులో సగం నిజం లేకపోలేదు. నిలకడగా వున్న బండిపై రాసిన బరువు కంటే ఎక్కువ వేసినా చట్రం వెంటనే విరగకుండా కొంత వెసులుబాటు ఉంచుతారు. కాని ఆ వెసులుబాటు సరుకు కోసం ఉంచినది కాదు. గుంటలో చక్రం పడినప్పుడు, స్పీడ్ బ్రేకరు దూకినప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు అదే సరుకు క్షణకాలం ఎన్నో రెట్లు బరువుగా పనిచేస్తుంది. ఆ దెబ్బ కాయడానికి ఉంచినదాన్ని బస్తాలకు వాడుకుంటే, గుంట వచ్చినప్పుడు కాయడానికి ఏమీ మిగలదు.

అంతకంటె ముఖ్యమైనది లోహపు అలసట. ఉక్కు ఒక్కసారిగా విరగకపోయినా, వేలసార్లు వంగి లేచినందువల్ల కంటికి కనపడని పగుళ్లు పడుతుంది. వెల్డింగు అతుకుల విషయంలో ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం ఒత్తిడి రెట్టింపయితే అతుకు ఆయుష్షు స్థూలంగా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఒత్తిడి పాతిక శాతం పెరిగితేనే ఆయుష్షు సగమవుతుంది. కాబట్టి బండి ఈ సీజనులో విరగకపోవడం దాని బలానికి రుజువు కాదు. నిరుడు ఎవరో వేసిన బరువుకు ఈ యేడు మరొకరి సరుకు రోడ్డు పాలవుతుంది.

బరువు మోయడానికని వెనుక కమాను కట్టలకు అదనంగా పట్టీలు వేయించడం యార్డుల చుట్టుపక్కల షెడ్లలో సర్వసాధారణం. ఇది చాలామందిని మోసం చేస్తున్న పని. కట్టలు గట్టిపడితే బండి వెనుక భాగం కిందికి దిగదు. చూసేవారికి బండి మామూలుగానే కనపడుతుంది. కాని చట్రం బలం ఇసుమంత కూడా పెరగదు. పైపెచ్చు, కట్టలు మెత్తగా వున్నప్పుడు అవి మింగే దెబ్బ ఇప్పుడు నేరుగా కట్టలను చట్రానికి బిగించిన బ్రాకెట్ల వద్దకు చేరుతుంది. టైర్లు, బ్రేకులు, ఇరుసు బేరింగులు కూడా పాతవే. బండి కుంగలేదు కనుక బరువు సరిపోయిందనుకోవడం, కాటా ముల్లును కదలకుండా కట్టివేసి తూకం సరిపోయిందనడం వంటిదే.

ఇక వర్తకుని లెక్కకు వద్దాము. రిజిస్ట్రేషన్ పత్రంలో ఖాళీ బండి బరువు, సరుకుతో మొత్తం బరువు రెండూ వుంటాయి. ఉదాహరణకు మొత్తం 3,000 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకుందాము. తేడా 1,300 కిలోలు. ఇదంతా సరుకుకే అనుకోవడం పొరపాటు. డ్రైవరు, ఒక హమాలీ కలిసి 140 కిలోలు. టార్పాలిన్, తాళ్లు, జాకీ 35 కిలోలు. మిగిలినది 1,125 కిలోలు, అనగా 75 కిలోల ధాన్యం బస్తాలు సరిగా 15. రిజిస్ట్రేషన్ తర్వాత ఇనుప కటకటాలు, ఎత్తు పలకలు బిగించి వుంటే వాటి బరువూ ఇందులోంచే పోవాలి. ఖాళీ బండిని ఒకసారి వేబ్రిడ్జిపై తూయిస్తే నిజం తెలుస్తుంది.

ఇదే బండిపై 25 బస్తాలు వేసినట్లయితే 750 కిలోలు అదనం. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం, 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో, ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు. ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. సవరణకు ముందు ఇది 2,000, టన్నుకు 1,000 రూపాయలుగా వుండేది. రాజీ రుసుము రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కనుక తేడాలు ఉండవచ్చు. చట్టంలోని మొత్తమే తీసుకుంటే పది అదనపు బస్తాలపై బస్తాకు 2,000 రూపాయలు పడుతుంది. 2025–26 ఖరీఫ్ మార్కెటింగ్ సీజనుకు సాధారణ రకం ధాన్యం కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. అనగా జరిమానా బస్తా ధరనే మించుతున్నది.

డబ్బు కట్టి ముందుకు పోవచ్చుననే ఆశ కూడా వద్దు. అదనపు సరుకు దించనిదే బండిని కదలనివ్వకూడదని చట్టమే చెబుతున్నది. దింపుడు ఖర్చులు కూడా పడతాయి. రుసుము కట్టినంత మాత్రాన అదనపు బరువుతో ప్రయాణం చట్టబద్ధం కాదని సుప్రీంకోర్టు 2005 నవంబరులో పరమ్‌జీత్ భాసిన్ కేసులో స్పష్టం చేసింది. పైగా చట్టం నడిపినవారినే కాక, నడిపించినవారినీ పేర్కొన్నది. తూకానికి ఆపమంటే ఆపని డ్రైవరుకు జరిమానా 40,000 రూపాయలు.

బీమా విషయం కూడా గమనించదగినది. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఉదహరించిన బీమా మార్గదర్శకాల ప్రకారం, అనుమతించిన బరువుకు మించి సరుకు వేసిన వాహనంపై క్లెయిము చెల్లింపు అంగీకరించదగిన మొత్తంలో 75 శాతానికి మించరాదు. ఇది వాహనం క్లెయిము సంగతి. సరుకుకు వేరే పాలసీ లేకపోతే దాని నష్టం వర్తకునిదే.

బరువు హద్దులో వున్నా పేర్చడంలో తేడా వస్తే ప్రమాదమే. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు వున్న బండిలో, వెనుక ఇరుసుకు 75 సెంటీమీటర్లు అవతల పెట్టిన ప్రతి 100 కిలోలు ముందు చక్రాలపై నుంచి 25 కిలోలు ఎత్తివేస్తాయి. వెనుక ఇరుసుపై 125 కిలోలు పడతాయి. తలుపు దించి, దానిపై కూడా బస్తాలు పేర్చినప్పుడు స్టీరింగు తేలికగా తిరుగుతున్నదని డ్రైవరు సంతోషిస్తే, అది ముందు టైర్లకు రోడ్డుపై పట్టు తగ్గిందనడానికి గుర్తు. బియ్యం, సిమెంటు వంటి సరుకు తొట్టి సగం నిండకముందే హద్దు దాటుతుంది. మిర్చి టిక్కీల సంగతి వేరు; బరువు తక్కువైనా ఎత్తు పెరిగి, మలుపులో బండి ఒరిగిపోయే భయమున్నది.

కిరాయికి బండి మాట్లాడేటప్పుడు రెండు నిమిషాలు కిందికి వంగి చూడడం తప్పులేదు. కేబిన్‌కు, తొట్టికి మధ్య సందు పైనా కిందా ఒకేలా లేకపోతే చట్రం వంగిందేమోనని అనుమానించాలి. రివెట్ల చుట్టూ, బ్రాకెట్ల పక్కన సన్నని గీతగా తుప్పు కారినట్లుంటే అది పగులు కావచ్చు. బండి తిన్నగా పోతున్నా వెనుక చక్రాలు ముందు చక్రాల జాడకు పక్కగా నడిస్తే చట్రమో, ఇరుసో పక్కకు జరిగిందన్నమాట. చట్రంపై కొత్తగా రంగు వేసిన అతుకు పలక కనపడితే, దాని కింద ఏముందో యజమానిని అడిగి తెలుసుకున్న తర్వాతే బస్తాలు ఎక్కించమనాలి.