పెరటిలో వానపాముల ఎరువు

పశువులున్న ప్రతి యింట పేడ, గడ్డిపరకలు, ఆకులలములు దినదినము పోగగుచుండును. వీనిని దిబ్బపై ఎండకు, వానకు వదలినచో అందలి నత్రజని కొంత ఆవిరియై పోవును, కొంత వాననీటిలో కొట్టుకొనిపోవును. అదే పేడను, చెత్తను వానపాములకు మేతగా వేసినచో రెండు, రెండున్నర నెలలలో మెత్తని, దుర్గంధము లేని ఎరువు చేతికి వచ్చును.

అయితే ఈ పనికై కట్టిన తొట్లు కొన్ని గ్రామములలో ఒకటి రెండు పర్యాయములు నింపిన పిదప ఖాళీగా పడియుండుట చూచుచున్నాము. తొట్టి కట్టుటలో చూపిన శ్రద్ధ వానపాములను సాకుటలో చూపకపోవుటయే ఇందుకు ముఖ్య కారణము. వానపామును కూడ పశువువలెనే చూడవలెను. దానికి కావలసినవి మూడు: మాగిన మేత, చెమ్మ, నీడ.

ఏ వానపాములు తగినవి?

వానపాములు నేలకు చేయు మేలును గూర్చి చార్లెస్ డార్విన్ 1881లోనే ఒక గ్రంథము ప్రకటించెను. కాని మన పొలములలో మట్టిని తిని లోతుగా బొరియలు చేయు రకములు చెత్తకుప్పలో నిలువవు. వానిని పొలములోనే ఉండనీయవలెను. ఎరువు తయారీకి ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే అను రకములు అనుకూలము. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రములోగాని, ఇదివరకే పెంచుచున్న రైతులవద్దగాని విచారింపవచ్చును.

మడి తయారుచేయుట

సిమెంటు తొట్టియే కావలెనని లేదు. నీరు నిలువని మెరక స్థలములో, చెట్టు నీడనగాని తాటాకు పందిరి క్రిందగాని 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల మడి చాలును. అడుగున కొబ్బరి పీచుగాని వరిగడ్డిగాని 3 అంగుళముల మందమున పరచవలెను. దానిపై పేడను, చెత్తను కలిపి అడుగున్నర ఎత్తువరకు వేయవలెను.

పచ్చిపేడ వేయరాదు. అది కుళ్లునపుడు పుట్టు వేడికి వానపాములు చచ్చును. పేడను, చెత్తను కలిపి, నీరు చల్లి, 15 నుండి 20 దినములు విడిగా మాగనీయవలెను. కుప్పలో చేయి పెట్టినపుడు వెచ్చగా తగిలినచో ఇంకను ఆగవలెను. సందేహమున్నచో ఒక కుండలో ఆ మేత కొంత వేసి 20 వానపాములను విడువవలెను. మరునాటికి అవి లోపలికి దిగి చురుకుగా నున్నచో మేత తగియున్నదన్నమాట. అప్పుడు మడికి రెండు కిలోల వానపాములను వదలి, తడి గోనెపట్టా కప్పవలెను.

రోజువారీ పోషణ

పిడికెడు మేతను పిండినపుడు ముద్ద కట్టవలెను, కాని నీరు కారరాదు. వేసవిలో రోజుకు రెండు పర్యాయములు నీరు చల్లవలసి యుండును. వానకాలములో మడిలో నీరు నిలువకుండ చూడవలెను. సబ్బు నీరు, ఉప్పు, నూనె, మిరపకాయలు, నిమ్మతొక్కలు పడనీయరాదు. చీమలు రాకుండ మడిచుట్టు చిన్న కాలువ తీసి నీరు నిలుపవలెను. కోళ్లు, ఎలుకలు చేరకుండ వల కప్పవలెను.

ఎరువు తీయుట

పైభాగము నల్లగా, టీపొడివలె పొడిపొడిగా మారినపుడు నాలుగు దినములు నీరు మానవలెను. తరువాత ఎరువును నీడన కుప్పగా పోసినచో వానపాములు అడుగునకు దిగును. పై ఎరువును జల్లించి నిలువ చేసికొని, అడుగున మిగిలిన వానపాములను క్రొత్త మడికి మార్చవలెను. వేసిన మేతలో ఇంచుమించు సగము తూకము ఎరువగును.

ఎంతవరకు ఆశింపవచ్చును?

ఇచ్చట లెక్క తెలిసికొనుట అవసరము. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. వానపాముల ఎరువు నూరు కిలోలలో నత్రజని సాధారణముగా ఒకటి, ఒకటిన్నర కిలోలు మాత్రమే. అనగా ఒక బస్తా యూరియాలోని నత్రజనికి ఒకటిన్నర నుండి రెండు టన్నుల ఎరువు కావలెను. కావున పెరటి మడిని నమ్ముకొని వరిచేనుకు యూరియా పూర్తిగా మానుట తగదు. కాని ఈ ఎరువు నేలను గుల్లపరచి, చెమ్మను నిలుపును. ఇది నారుమళ్లకు, కూరపాదులకు, మల్లె, నిమ్మ, జామ మొక్కలకు మిక్కిలి ఉపకరించును.

రైతు సోదరులు మొదట ఒక్క మడితో ప్రారంభించుట మంచిది. పోషణ సరిగా నున్నచో కొద్ది నెలలలోనే రెండవ మడికి, పొరుగువారి మడికి సరిపడు వానపాములు అందులోనే లభించును.