పాస్‌పోర్టు ఫోటోలు, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్: ప్రయాణానికి ముందు తెలుసుకోవలసినవి

ఆదివారం పూట మన సొసైటీ ఆఫీసులో కూర్చుని పాస్‌పోర్టు, స్కాలర్‌షిప్, పెన్షన్ ఫారాలు నింపిపెట్టే టీచర్లం మేము ఇద్దరు ముగ్గురం ఉన్నాము. విదేశాలకు బయలుదేరేవాళ్లు మా బల్ల దగ్గరికి ఎక్కువగా తెచ్చేవి రెండు: తిరిగొచ్చిన ఫోటోలు, పనికిరాని 'ఇంటర్నేషనల్ లైసెన్సులు'. చిన్న విషయాలే. కానీ అప్పు తెచ్చి టికెట్ కొన్నాక ఇవి అడ్డం తిరిగితే ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో కళ్లారా చూశాము. అందుకని ఈ ఏడాది సావనీర్‌కు ఈ విషయమే రాస్తున్నాము.

ముందు ఫోటో సంగతి. మన దేశంలో పాస్‌పోర్టు కోసం పెద్దవాళ్లు ఫోటో తీసుకెళ్లనక్కరలేదు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కౌంటర్ దగ్గరే ఫోటో తీస్తారు, వేలిముద్రలూ అక్కడే తీసుకుంటారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ఫోటో మనం పట్టుకెళ్లాలి. అసలు చిక్కంతా వీసా ఫోటోలతోనే. మన స్టూడియోలో 'పాస్‌పోర్టు సైజు' అంటే ఒకటే సైజు. దేశాలకు అలా కాదు. అమెరికాకు 2 అంగుళాల చదరపు ఫోటో కావాలి. యూరప్‌లోని షెంగెన్ దేశాలకు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. కాబట్టి స్టూడియోలో కూర్చోగానే ఏ దేశం వీసాకో ముందే చెప్పాలి. అమెరికా వీసా ఫోటోలో 2016 నవంబర్ నుంచి కళ్లజోడు కూడా ఒప్పుకోవడం లేదు. చత్వారం అద్దాలు పెట్టుకునే మాలాంటి వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కుర్రవాళ్ల ఫోటోలు చూస్తే మాకు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. కంప్యూటర్‌లో కోటు, టై అతికిస్తారు. రంగు తెల్లబరుస్తారు, మచ్చలు తుడిచేస్తారు. పెళ్లి సంబంధానికి పంపడానికి ఆ ఫోటో బాగుంటుందేమో గానీ వీసాకు పనికిరాదు. పాస్‌పోర్టులు, వాటిలోని ఫోటోలు ఎలా ఉండాలో మాంట్రియల్‌లోని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలు పెట్టింది. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు యంత్రమే మన ముఖాన్ని ఫోటోతో పోల్చి చూస్తుంది. చెంప మీది మచ్చ, ముక్కు ఆకారం, కళ్ల మధ్య దూరం ఉన్నవి ఉన్నట్టుగా ఉండాలి. దిద్దిన ఫోటో ఇస్తే అది మనమేనని నిరూపించుకోవడం మన మీదే పడుతుంది.

ఆడవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "తల మీద దుపట్టా తీసేయాలా సార్?" తీయనక్కరలేదమ్మా. మతాచారం ప్రకారం రోజూ ధరించే తలవస్త్రాన్ని అమెరికా వీసా నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి. అయితే గడ్డం కింది నుంచి నుదురు దాకా, రెండు చెంపల అంచులతో సహా ముఖం పూర్తిగా కనబడాలి. బట్ట నీడ ముఖం మీద పడకూడదు. నఖాబ్ మాత్రం తీయాలి. మా అనుభవంలో తేలిన మాట ఇంకొకటి: తెల్ల దుపట్టా తెల్ల గోడలో కలిసిపోతుంది, ముదురు రంగుది వేసుకోండి. గోడకు ఆనుకోకుండా రెండడుగులు ముందుకు నిలబడితే వెనక నీడ పడదు.

ఇక డ్రైవింగ్ పర్మిట్. మా దగ్గర పదో తరగతి చదివి, ఆటో నడుపుకుంటున్న అబ్బాయి ఒకడు నిరుడు వచ్చాడు. కువైట్‌లో ఇంటి డ్రైవర్ పని దొరికిందట. చేతిలో మెరిసిపోయే ప్లాస్టిక్ కార్డు. "సార్, ఇంటర్నేషనల్ లైసెన్సు. మూడేళ్లు చెల్లుతుందంట, ఏ దేశంలోనైనా నడపొచ్చంట" అన్నాడు. ఒక ఏజెంటు ఎనిమిది వేలు తీసుకుని ఇచ్చాడు. ఆ డబ్బు వాళ్లమ్మ కమ్మలు కుదువబెట్టి తెచ్చింది. కార్డును అటూ ఇటూ తిప్పి చూశాము. రవాణా శాఖ పేరు గానీ, అధికారి సంతకం గానీ ఎక్కడా లేవు.

అసలు పర్మిట్ ఏమిటో చెప్పుకుందాం. మన దేశం 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందంలో భాగస్వామి. దాని ప్రకారం మన ఆర్‌టీఏ ఆఫీసు ఇచ్చేది చిన్న పుస్తకం లాంటి పత్రం. మన లైసెన్సులోని వివరాలు అందులో పలు భాషల్లో ఉంటాయి. అంటే అది విడిగా లైసెన్సు కాదు, మన లైసెన్సుకు అనువాదం. అందుకే అసలు లైసెన్సు పక్కన లేకపోతే అది చెల్లదు. మన లైసెన్సులో ఏ బండ్లు రాసి ఉంటే వాటికే పనికొస్తుంది. గడువు ఎక్కువలో ఎక్కువ ఒక సంవత్సరం. అసలు లైసెన్సు గడువు అంతకంటే ముందే తీరితే అప్పటి వరకే. మన ఒప్పందం కింద మూడేళ్ల పర్మిట్ అనేదే లేదు. ఫారం 4ఏ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటోలతో దరఖాస్తు పెట్టుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, పైన సర్వీసు చార్జీలు ఉండవచ్చు. 2022 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ ఒకే నమూనా పెట్టి, క్యూఆర్ కోడ్ కూడా చేర్చింది. ఇక ఏజెంటుకు వేలు పోయడం ఎందుకు?

చాలామందికి తెలియని ముఖ్యమైన మాట మరొకటి. ఈ పర్మిట్ చూడడానికి వెళ్లేవాళ్ల కోసం. పిల్లల దగ్గరికి వెళ్లి నాలుగు రోజులు కారు అద్దెకు తీసుకునేవాళ్లకు చక్కగా పనికొస్తుంది. ఉద్యోగానికి వెళ్లి గల్ఫ్‌లో నివాస అనుమతి పొందినవాళ్లకు పనికిరాదు. వాళ్లు అక్కడి లైసెన్సు తీసుకోవలసిందే. కువైట్‌లో లైసెన్సు లేకుండా దొరికితే జరిమానాతో పోదు, తిప్పి పంపేసే ప్రమాదం కూడా ఉంది. చైనాలో అయితే సందర్శకులకు కూడా ఈ పర్మిట్ చెల్లదు.

పేర్ల తేడా మనవాళ్లకు మరీ ఎక్కువ. లైసెన్సులో 'ఎస్‌కే', పాస్‌పోర్టులో 'షేక్'. ఒకదాంట్లో 'ఎండీ', ఇంకొకదాంట్లో 'మొహమ్మద్'. మనకు రెండూ ఒకటే, పరాయి దేశపు పోలీసుకు ఇద్దరు మనుషులు. పాస్‌పోర్టులో ఉన్నట్టే లైసెన్సులో పేరు సరిచేయించుకుని, ఆ తర్వాతే పర్మిట్‌కు వెళ్లాలి. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పిన సంగతి కూడా చూసుకోండి.

ఆ అబ్బాయి విషయానికి వస్తే, అతని దగ్గర ఉన్నది ఆటో లైసెన్సే. కారు లైసెన్సే లేదు! ఆ మాట ఏజెంటు ఒక్కసారి కూడా అడగలేదు. ప్రయాణం వాయిదా వేయించి కారు నేర్చుకోమన్నాము. లైసెన్సు తీసుకుని నాలుగు నెలల తర్వాత వెళ్లాడు. అక్కడి లైసెన్సు యజమానే ఇప్పించాడని ఫోన్ చేసి చెప్పాడు. ఎనిమిది వేలు మాత్రం తిరిగి రాలేదు. కమ్మలు మొన్న రంజాన్‌కు విడిపించారు.

ఎవరికైనా ఇలాంటి కాగితం మీద అనుమానం ఉంటే డబ్బు కట్టక ముందే తెచ్చి చూపించండి. ఆదివారం పది గంటల నుంచి జొహర్ నమాజు వేళ దాకా ఆఫీసులోనే ఉంటాము. పాస్‌పోర్టు, లైసెన్సు రెండూ ఒరిజినల్స్ తీసుకురండి. జిరాక్సులో పేరు స్పెల్లింగ్ సరిగ్గా కనబడదు.