చేపల పాఠానికి చెరువే బడి

సూర్యాపేట: సముద్రం ఇక్కడికి దూరమే. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల బడి పిల్లలకు చేపల పాఠం చెప్పడానికి ఊరి చెరువు చాలు.

మృగశిర కార్తెకు ఇంటింటా చేపల కూర ఉడుకుతుంది. ఆ వెనుకే తొలకరి వరదకు చేపలు కడుపునిండా గుడ్లతో ఎదురెక్కుతాయి. అప్పుడు అలుగుల దగ్గర వలలు పన్నితే చెరువులో మిగిలేదేమిటి?

బొచ్చె, రోహు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. ఏటా పిల్లలు తెచ్చి వదలాల్సిందే. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలుపెట్టింది. రాష్ట్ర చేప అయిన కొర్రమట్ట సంగతి వేరు. అది చెరువులోనే గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి వచ్చి గాలి పీలుస్తుంటే పెద్ద చేపలు కిందనే కాపలా కాస్తాయి. ఆ గుంపు కనబడిన చోటే గాలం వేసే అలవాటు మన పల్లెల్లో ఉన్నది. కాపలా చేప చిక్కిందా, పిల్లలన్నీ ఇతర చేపల పాలే.

ఈ ఒక్క దృశ్యం చెరువుగట్టున చూపితే ఐదో తరగతి పిల్లవాడు ఇంటికి వెళ్లి తండ్రికి చెబుతాడు. వల కన్ను ఎంత ఉండాలో చెప్పడానికి మత్స్య సహకార సంఘాల పెద్దలు ఊళ్లోనే ఉన్నారు. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి చట్టం ప్రకారమే నేరమని కూడా చెప్పాలి. బడులు తెరిచే జూన్‌లోనే ఈ పాఠం పెడితే చేపలు ఎదురెక్కే వేళకు అందుతుంది.