తృప్తిని కొలుచు ప్రశ్నావళి: మఠంపల్లి ప్రాంతపు తెలుగు

తీవ్రచికిత్సా విభాగమున నున్న రోగి సాధారణముగా మాటలాడజాలని స్థితిలో నుండును. నోటిలో గొట్టము, చేతికి సూది, చుట్టును యంత్రములు. చికిత్స యెట్లు జరుగుచున్నదని యాతని నడుగుట పొసగదు. కావున వైద్యులు బయట వేచియున్న యింటివారి నడుగుదురు. అట్లడుగుటకై యేర్పడిన ప్రశ్నావళులు ఆంగ్లమున పుట్టినవి. తెలుగువారి నడుగవలెనన్నచో వానిని తెలుగు చేయవలెను. ఆ తెలుగు ఎవరి తెలుగు కావలెననునది ఈ వ్యాసమునకు విషయము. ఇది వైద్యుల పని కదా, తెలుగు శాఖ పత్రికలో నేల యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. జ్వరమును కొలుచు సాధనము పాదరసమైనపుడు దాని మంచిచెడ్డలు వైద్యులే చూచుకొందురు. ఇచ్చట కొలిచెడి సాధనము మాట. ఆ మాట సరియైనదా కాదా యని చూచు పని భాషను చదివినవారికి తప్పదు.

ముందుగా చరిత్ర కొంత. 1952లో కోపెన్‌హేగెన్ నగరమున పోలియో ప్రబలినపుడు ఊపిరాడని రోగులకు వైద్యవిద్యార్థులు రేయింబవళ్ళు చేతితో సంచి నొక్కి శ్వాస నందించిరి. ఆ యనుభవము ననుసరించి బ్యోర్న్ ఇబ్సెన్ 1953లో నెలకొల్పిన విభాగమును తీవ్రచికిత్సకు మొదటిదిగా చెప్పుదురు. రోగి బంధువులకు కావలసిన దేమి యని విచారించినవారిలో నాన్సీ మోల్టర్ ముఖ్యురాలు. 1979లో ఆమె నలుబది యైదు అవసరముల పట్టిక నిచ్చి బంధువుల నడుగగా, ఆశ యున్నదని తోచుటయే అన్నిటికంటె ముఖ్యమని వారు చెప్పిరి. కెనడా దేశమున హేలండ్, ట్రాన్మర్ అను పరిశోధకులు 2001లో కుటుంబ తృప్తిని కొలుచు ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు మొదట ముప్పదినాలుగు ప్రశ్న లుండెను. 2007లో వాల్, ఎంగెల్‌బర్గ్ మున్నగువారు దానిని ఇరువదినాలుగింటికి కుదించిరి. వీనిలో పదునాలుగు సంరక్షణకు, పది నిర్ణయములలో కుటుంబమునకు గల పాలునకు సంబంధించినవి. ప్రశ్నలలో పెక్కింటికి సమాధానము ఐదు మెట్లలో నుండును. అత్యుత్తమమునకు నూరు, మిక్కిలి మంచికి డెబ్బదియైదు, మంచికి ఏబది, దాని క్రింది మెట్టునకు ఇరువదియైదు, చెడ్డకు సున్న. అన్నిటిని కూడి సగటు తీయగా వచ్చు అంకెయే తృప్తి. జర్మను మొదలుగా పెక్కు భాషలలోనికి ఈ ప్రశ్నావళి పోయినది.

ఒక భాషలోని ప్రశ్నావళిని మఱొక భాషలోనికి తెచ్చునపుడు పరిశోధకులు నమ్ముకొను పద్ధతి తిరుగుసేత. ఒకడు ఆంగ్లమునుండి తెలుగు చేయును. మూలము చూడని మఱొకడు ఆ తెలుగును మరల ఆంగ్లము చేయును. రెండాంగ్లములును కలిసినచో అనువాదము సరియైనదని యెంతురు. 1970లో బ్రిస్లిన్ ఈ పద్ధతిని శాస్త్రీయముగా వివరించిన పిమ్మట ఇది దాదాపు నియమమైనది. చూచుటకు నిర్దుష్టముగా కన్పట్టు ఈ పద్ధతియందే మన చిక్కంతయు నున్నది.

ఉదాహరణములతో చెప్పినగాని ఇది తేటపడదు. రోగి నొప్పిని, ఆయాసమును, నిలుకడ లేక కొట్టుకొనుటను సిబ్బంది ఎట్లు తగ్గించిరని ప్రశ్నావళిలో కలదు. మూడవదానికి ఆంగ్లమున అజిటేషన్ అని వాడిరి. నిఘంటువు చూచిన అనువాదకుడు ‘ఆందోళన’ అని వ్రాయును. తిరుగుసేతలో ఆందోళన మరల అజిటేషనే యగును. పరీక్ష నెగ్గినది! కాని మఠంపల్లి రైతు ఎఱిగిన ఆందోళన రెండు విధములు. ఒకటి రోడ్డుపై బైఠాయించునది, రెండవది తన మనస్సులో నున్న దిగులు. మంచమునకు కట్టిన చేతులను గుంజుకొను రోగి స్థితికి ఆ మాట ఆతనికి స్ఫురింపదు. ‘గాబరా పడ్డడు’, ‘ఒక్కతీరుగ ఉండలే’ అని యాతడనును. ఆ మాటలు తిరుగుసేతలో అజిటేషనుగా రావు. కావున సంఘమువారు వానిని కొట్టివేయుదురు.

వేచియుండు గది ‘వాతావరణము’ ఎట్లున్నదను ప్రశ్న మఱింత వినోదకరము. వాతావరణమన రేడియోలో వర్షసూచన చెప్పునది. మా బంధువు లొకరి నడుగగా ‘చల్లగనే ఉంది, ఏసీ పెట్టిండ్రు’ అని బదులు వచ్చెను. ‘మీకు తగిన మద్దతు లభించినదా’ అన్నచో, సాగరు ఎడమకాలువ క్రింద వరి పండించు రైతునకు మద్దతు అనగానే జ్ఞప్తికి వచ్చునది ధర. దానిని తప్పించి ‘ఆసరా’ అందమా, 2014లో ఆ పేర పింఛనులు మొదలైనవి. వృద్ధులు ఆ మాట విన్నంతనే కాగితము లేవని వెదకుదురు. ‘అండ’ అను పాత మాట యింకను చెడలేదు. ‘మీకు ఎవరన్న అండగ నిలబడ్డరా’ అనిన, అడిగినది ప్రతివారికి తెలిసినది.

సంబోధన మఱొక చిక్కు. ఆంగ్ల ప్రశ్నావళి రోగిని కుటుంబ సభ్యుడని పేర్కొనును. మన పల్లెలలో సభ్యుడు పాలసంఘమునకో పంచాయతికో చెందినవాడు. ‘మీవారు’ అందమన్న భర్త యను నర్థము వచ్చును. మామగారిని చూచుకొను కోడలు దానిని చదివి నవ్వునో నొచ్చుకొనునో చెప్పలేము. ‘రోగి’ యనుట ఎదుటనున్నవారి మనస్సునకు ముల్లు వంటిది. ‘మీ మనిషి’ అనునది ఆడ, మగ, చిన్న, పెద్ద తేడా లేక అందఱికిని చెల్లును. ఆప్యాయత గలది. మఠంపల్లిలోను, కృష్ణ దాటి పల్నాటిలోను సందిగ్ధము లేక తెలియును. ఇంత చక్కని మాట ముద్రిత పత్రములలో కానరాకుండుటకు అది ‘వ్రాతభాష’ కాదను సంకోచమే కారణమని నా యభిప్రాయము.

ఈ ప్రాంతపు భాషను గూర్చి యొక మాట. మఠంపల్లి పూర్వము నల్లగొండ జిల్లాలోనిది, 2016 నుండి సూర్యాపేట జిల్లాలోనిది. కృష్ణ యొడ్డున నున్నందున రెండు పలుకుబడులు ఇచ్చట కలియును. ఒకే యింట ‘చేసిండ్రు’, ‘చేశారు’ రెండును వినవచ్చును. తండాలలో లంబాడీ యింటిభాష, తెలుగు రెండవది. జబ్బు ముదిరిన రోగిని మిర్యాలగూడకో సూర్యాపేటకో, అచ్చట కానిచో హైదరాబాదునకో విజయవాడకో కొనిపోవుదురు. ఏ నగరమునకు పోయినను ప్రశ్నావళి పత్రికల తెలుగులోనే యెదురగును. అందు ‘బాగా’ యనునది మంచికి గుర్తు. తెలంగాణ పలుకుబడిలో ‘బాగ’ యన్నచో పెక్కుసారులు ఎక్కువ యని. మంచికి ‘మంచిగ’ యందురు. ‘చాలా బాగుంది’ యన్న మెట్టు నొకరు మెచ్చుకోలుగా, వేఱొకరు పరిమాణముగా గ్రహించు నవకాశ మున్నది.

ఇక నాలుగవ మెట్టు. ఆంగ్లమున ఫెయిర్ అను మాటకు ‘మధ్యస్థము’, ‘సాధారణము’ అని వ్రాయుదురు. ఇవి తిరుగుసేతలో చక్కగా నెగ్గును గాని జనుల నోట లేవు. జనుల నోట నున్నది ‘పర్వాలేదు’. ఈ మాటలోని ‘పర్వా’ పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చినది, లెక్కచేయుట, చింత యని యర్థము. ‘మీ మనిషికెట్లుంది’ అన్నపుడు పర్వాలేదన్నచో కుదుటపడినాడని. ‘భోజనమెట్లుంది’ అన్నపుడు అంత గొప్పగా లేదని. ‘కాలు తొక్కితిని, క్షమింపుడు’ అన్నపుడు నొప్పి కలిగినను నీవు బాధపడవలదని. మూడవ యర్థము తృప్తి కొలతలో ఇముడదు. అందు నొప్పియు నున్నది, క్షమయు నున్నది.

ఈ సంగతి నాకు గ్రంథములలో తెలిసినది కాదు. కొన్నేండ్ల క్రిందట మా తండ్రిగారు నగరమున నొక ఆసుపత్రిలో పదునొకండు దినములు తీవ్రచికిత్సలో నుండి గతించిరి. తొమ్మిది రాత్రులు మా యమ్మ మెట్ల మలుపులో దుప్పటి పఱచుకొని పండుకొనెను. శవమును అప్పగించు లోపల నొక యువకుడు పత్రము తెచ్చి ఆమెను ప్రశ్నించెను. ఆమె చదువుకొనలేదు, అతడు చదివి వినిపించెను. ‘నొప్పి నిర్వహణ ఎట్లున్నది?’ ‘పర్వాలే బిడ్డా.’ ‘నిర్ణయములలో మిమ్ము భాగస్వాములను చేసిరా?’ ‘పర్వాలే.’ అతడు ప్రతిదానికి నాలుగవ గడిలో గుర్తు పెట్టెను. ఆమె సగటు ఇరువదియైదు. ఆ పిల్లవానిది తప్పు కాదు. అతనికిచ్చిన తెలుగులో ‘నిర్వహణ’ సభలకు, ఉత్సవములకు వాడునది. మా యమ్మ ప్రశ్నకు సమాధానము చెప్పలేదు, పిల్లవానిని ఓదార్చినది.

అట్లని ప్రశ్నావళులు వ్యర్థమని నేననను. అడుగకుండుటకంటె అడుగుట మేలు. 2005లో ఒక అంతర్జాతీయ సంఘము ప్రకటించిన సూత్రములలో తిరుగుసేత తరువాత వేఱొక మెట్టు కలదు: అనువాదమును సామాన్యులకు వినిపించి, ‘ఈ ప్రశ్నలో నిన్నేమి యడిగిరి, నీ మాటలలో చెప్పు’ అని విచారించుట. మన పరిశోధకులు తఱచు దీనిని తొందరగా ముగింతురు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమునకు రైతుల నోటినుండి మాటలు సేకరించిన పద్ధతి మన కుండనే యున్నది. నాగలి భాగములకు చేసిన శ్రమ జబ్బు మాటలకు చేయుటకు అభ్యంతర మేమి?

మెట్ల విషయమున నాకు తోచిన సూచన యొకటి. అణాలు 1957లో దశాంశ నాణెములు వచ్చుటతో తొలగినను నోటినుండి పోలేదు. ‘చారాణ కోడికి బారాణ మసాల’ ఇప్పటికిని వినుచున్నాము. పదహారణాలు, బారాణ, ఆఠాణ, చారాణ, ఏమియు లేదు: ఇవి సరిగా ఐదు మెట్లు. నూటికి మార్చిన నూరు, డెబ్బదియైదు, ఏబది, ఇరువదియైదు, సున్న. ఒక హెచ్చరిక మాత్రము అవసరము. ఆంగ్ల మెట్లలో పై మూడును మెచ్చుకోళ్ళే. అణాలలో నడుమనున్న ఆఠాణ సగము. కావున ఇట్లు వచ్చిన అంకెను కెనడా అంకెతో సరిపోల్చరాదు. ఇరువదేండ్లవారికి ఈ మాటలు తెలియునో లేదో విచారింపవలెను.

మరణించినవారి యింటివారి నడుగు ప్రశ్నలు చివర కలవు. ప్రాణమును అనవసరముగా సాగదీసిరా, తగ్గించిరా యని యందొకటి. దీనిని ఏ తెలుగులో నడిగినను శవము కదలకముందు అడుగరాదు. దినములు గడచిన పిమ్మట, ఆసుపత్రి మనిషి కాక వేఱొకరు, ఇంటికి వచ్చి అడుగవలెను.

మా యింట నట్లే జరిగినది, పరిశోధన కొఱకు కాదు. పదునొకండవనాటి తరువాత మా మేనత్త అమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మనిషిని ఎట్ల చూసిండ్రని యడిగెను. అమ్మ కొంతసేపు ఊరకుండి చెప్పెను. రాత్రిపూట ఒళ్ళు తుడిచిన ఆయమ్మకు పదారణాలు. డాక్టర్లకు బారాణ. ‘లోపల ఏమైతున్నదో మాకు చెప్పుడా? చారాణ గూడ లేదు వదినా, ఒట్టిదే.’