కరెంటు పోయినా వంట ఎలా?

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బకు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇండక్షన్ స్టవ్వు పనిచేయదు. గ్యాసూ నిండుకుంటే? అందుకే కొందరు అటక మీద కిరోసిన్ వత్తుల స్టవ్వు ఉంచుకుంటారు.

మరి అడుగునున్న కిరోసిన్ పైకెలా ఎక్కుతుంది? బకెట్లో తువ్వాలు కొస మునిగితే తడి పైకి పాకడం చూశారుగా! వత్తిలోనూ అంతే. దారాల మధ్య సన్నని సందుల్లోంచి కిరోసిన్ పైకి పాకి, వేడికి ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే! వత్తుల చుట్టూ ఉండే చిల్లుల రేకులోంచి గాలి సరిపడా అందితే నీలం మంట వస్తుంది. చాలకపోతే మంట పసుపురంగుకు తిరిగి, గిన్నెకు మసి పడుతుంది.

స్టవ్వు బదులు బొగ్గుల కుంపటి వాడితే ఆరుబయటే పెట్టాలి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. ఇంట్లో స్టవ్వు వెలిగిస్తే కిటికీలు తెరవాలి. మండుతుండగా కిరోసిన్ పోయకూడదు. వెలిగించే పని మాత్రం పెద్దవాళ్లదే!