పిల్లల భయాన్ని కొలిచే ప్రశ్నలు



"సిస్టరమ్మా, బడికి బయలుదేరే వేళకే వీడికి కడుపునొప్పి వస్తుంది" అని ఓ.పి.లో చాలామంది తల్లులు మాతో అంటుంటారు. రక్తపరీక్ష, స్కానింగు అన్నీ బాగానే ఉంటాయి. అంతమాత్రాన ఆ నొప్పి నటన కాదు. పిల్లల్లో ఆందోళన కడుపునొప్పిగా, తలనొప్పిగా, నిద్రలేమిగా కూడా బయటపడుతుంది.

జ్వరాన్ని థర్మామీటరుతో చూస్తాము. మరి ఆందోళనను ఎలా చూడాలి? అందుకు ప్రశ్నావళులు ఉన్నాయి. వాటిలో 'స్కేర్డ్' అనేది ఒకటి. అమెరికాలో డాక్టర్ బోరిస్ బిర్మహర్, ఆయన సహచరులు దీనిని తయారుచేసి 1997లో ప్రచురించారు. ఇది 8 నుండి 18 సంవత్సరాల వయసు వారికి.

ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రతిలో 41 వాక్యాలు ఉంటాయి. హఠాత్తుగా వచ్చే గుండెదడ, ప్రతిదానికీ దిగులు, అమ్మానాన్నలను విడిచి ఉండలేకపోవడం, కొత్తవారి ముందు బెరుకు, బడి అంటే భయం – వీటి గురించి అడుగుతారు. గత 3 నెలలను తలచుకొని జవాబివ్వాలి. నిజం కాకపోతే 0, కొంతవరకు నిజమైతే 1, చాలావరకు నిజమైతే 2. మొత్తం 25 గాని, అంతకు మించి గాని వస్తే ఆందోళన జబ్బు ఉండవచ్చునని అనుమానిస్తారు.

పిల్లలకు ఒక కాగితం, తల్లిదండ్రులకు మరొక కాగితం ఇస్తారు. రెండింటి మార్కులు తరచుగా కలవవు. కంగారుపడకండి. మీకు కనిపించేది పిల్లల ఏడుపు, మొండితనం. లోపలి దడ వారికే తెలుసు. అందుకే రెండూ కావాలి.

ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్నకు 2 వేసింది. పక్కనే ఉన్న తల్లి "అంత లేదులేవే" అన్నది. అమ్మాయి మారుమాట లేకుండా దానిని కొట్టివేసి 0 వేసింది. తరువాత విడిగా కూర్చోబెట్టి మరో కాగితం ఇచ్చాము. బడి గురించిన ప్రశ్నలన్నిటికీ 2 వేసింది. ఆ తల్లి చెడ్డది కాదు, బిడ్డకు ధైర్యం చెప్పాననుకున్నది.

కాబట్టి మా మనవి ఇది. 8 నుండి 11 ఏళ్ల పిల్లలకు ప్రశ్న అర్థం కాకపోతే వివరించవచ్చు. జవాబు మాత్రం వారినే చెప్పనివ్వండి. ఇంటికి వెళ్ళాక "అలా ఎందుకు రాశావు?" అని నిలదీయకండి.

మార్కులే రోగనిర్ధారణ కావు. ఎక్కువ వస్తే డాక్టరుగారు పిల్లలతోను, మీతోను మాట్లాడి తేలుస్తారు. తక్కువ వచ్చినా బిడ్డ బాధపడుతుంటే తీసుకురండి. భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగుతో చాలామంది పిల్లలు తేరుకుంటారు. కొంతకాలానికి అదే ప్రశ్నావళిని మళ్ళీ ఇచ్చి, తగ్గిందో లేదో చూడవచ్చు.

"చచ్చిపోవాలని ఉంది" అని బిడ్డ అంటే ఏ కాగితం కోసమూ ఆగవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు.