నీరు, నిప్పు, పొరుగువాని హక్కు

పర్యావరణ శాస్త్రం అనగానే దట్టమైన అడవులు, మహానగరాల పొగ గుర్తుకు రావడం సహజం. కాని ఆ శాస్త్రంలోని మూల సూత్రాలను ఒక చిన్న పట్టణం పొలిమేరలోని బోరుబావి దగ్గర నిలబడి కూడా తెలుసుకోవచ్చు. తిరుపతి నుండి చెన్నై వెళ్ళే దారిలో, కొండల నడుమ ఉన్న పుత్తూరు అటువంటి పట్టణమే. చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 నాటి పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో వరి, చెరకు, వేరుశనగ, మామిడి పండుతాయి. పట్టణంలో మరమగ్గాలు నడుస్తాయి. పొలానికైనా మగ్గానికైనా ఆధారం కరెంటే. ఆ కరెంటు ఎక్కడి నుండి వస్తుంది? వచ్చి ఏమి చేస్తుంది? దాని అసలు ఖర్చు ఎవరి మీద పడుతుంది? ఈ మూడు ప్రశ్నలనే ఇక్కడ పరిశీలిద్దాం.

శక్తి లెక్క

శక్తిని ఎవరూ సృష్టించలేరు, నశింపజేయలేరు. ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చగలరు, అంతే. ఇది భౌతిక శాస్త్రంలో మొదటి నియమం. అలా మార్చిన ప్రతిసారీ కొంత భాగం పనికిరాని వేడిగా చెదిరిపోతుంది. ఇది రెండవ నియమం. బొగ్గును మండించి విద్యుత్తు తయారు చేసే కేంద్రంలో, బొగ్గులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే కరెంటుగా మారుతుంది. మిగిలినది పొగగొట్టం ద్వారా, చల్లబరచే నీటి ద్వారా వెళ్ళిపోతుంది.

ఈ నియమాలను బావికి అన్వయించి చూడవచ్చు. వెయ్యి లీటర్ల నీటిని 10 మీటర్ల లోతు నుండి పైకి తేవడానికి కావలసిన శక్తి ఒక యూనిట్ కరెంటులో సుమారు 37వ వంతు. అదే నీటిని 100 మీటర్ల లోతు నుండి తేవాలంటే దానికి పది రెట్లు, అనగా పావు యూనిట్‌కు కొంచెం ఎక్కువ కావాలి. ఇది కాగితం మీది లెక్క. మోటారులోను, పంపులోను, గొట్టాలలోను జరిగే నష్టాలన్నీ కలిపి మొత్తం సామర్థ్యం 30 శాతం ఉందనుకుంటే, 100 మీటర్ల నుండి వెయ్యి లీటర్లు తోడడానికి 0.9 యూనిట్ ఖర్చవుతుంది. నీరు ఎంత లోతుకు పోతే కరెంటు అంత ఎక్కువ కావాలన్నమాట.

రాతి కింది నీరు

రాయలసీమలో చాలా భాగం గట్టి రాతి నేల. కోస్తా డెల్టాలో ఇసుక పొరల నిండా నీరు నిలిచినట్లు ఇక్కడ నిలవదు. పైన చివికిన రాతి పొరలోను, దాని కింద రాతి పగుళ్ళలోను మాత్రమే నీరు ఉంటుంది. కురిసిన వానలో కొద్ది భాగమే ఆ పగుళ్ళకు చేరుతుంది. ఖుర్‌ఆన్‌లోని అల్ మూమినూన్ సూరా (23:18) వర్షం ఒక కొలత ప్రకారం కురవడాన్ని, అది భూమిలో నిలువ ఉండటాన్ని ప్రస్తావిస్తూ, దానిని తీసివేయగల శక్తి కూడా అల్లాహ్‌కు ఉన్నదని హెచ్చరిస్తుంది. జల శాస్త్రజ్ఞుడు చెప్పేదీ ఆ కొలత గురించే: ఏడాదిలో ఇంకిన దానికంటే ఎక్కువ తోడితే మట్టం దిగిపోతుంది.

పూర్వం ఎద్దులతో కపిల తోలి నీరు పెట్టేవారు. ఎద్దుల బలం, మోకు పొడవు, పగటి గంటలు - ఈ మూడే వాడకానికి హద్దు. ఎవరూ చట్టం చేయనవసరం లేకుండానే బావి రాత్రిపూట ఊరేది. కరెంటు మోటారు ఈ హద్దును తొలగించింది. 1980ల తొలినాళ్ళలో రాష్ట్రంలో సేద్యపు కరెంటుకు మీటరు లెక్క పోయి హార్స్‌పవరు చొప్పున స్థిర రుసుము వచ్చింది. 2004 మే నెలలో ఉచిత విద్యుత్తు వచ్చింది. చిన్న రైతుకు ఇది ప్రాణాధారమైన సహాయం, సందేహం లేదు. అయితే ధర లేని వస్తువుకు లెక్క కూడా లేకుండా పోతుంది. రాయలసీమ పడమటి మండలాలలో కొన్ని చోట్ల బోర్ల లోతు వెయ్యి అడుగులు దాటింది.

ఇందులో మొదట నష్టపోయేది లోతు బోరు వేసుకున్నవాడు కాదు. పక్క పొలంలో పాత ఊటబావి ఉన్నవాడు. మట్టం దిగితే ముందు ఎండేది అతని బావే. కొత్త బోరుకు అప్పు చేయాలి. అందులో నీరు పడుతుందన్న హామీ లేదు.

బొగ్గు, బూడిద, పొగ

ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు నుండే వస్తుంది. రాయలసీమలోనే కడప జిల్లా ముద్దనూరు దగ్గర 1994లో తొలి యూనిట్ మొదలైన థర్మల్ కేంద్రం క్రమంగా 1,650 మెగావాట్లకు పెరిగింది. అన్ని కేంద్రాల విద్యుత్తూ గ్రిడ్‌లో కలిసి ఊళ్ళకు చేరుతుంది.

మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తయారు చేయడానికి సుమారు 0.7 కిలోల బొగ్గు కావాలి. అయిదు హార్స్‌పవర్ల మోటారు గంటకు నాలుగు యూనిట్ల చొప్పున రోజుకు ఏడు గంటలు నడిచిందనుకుందాం. ఆ 28 యూనిట్లూ బొగ్గు కరెంటే అయితే దాదాపు 20 కిలోల బొగ్గు కాలినట్లు. మన బొగ్గులో మూడవ వంతు వరకు బూడిదే కాబట్టి ఆరు కిలోల పైగా బూడిద మిగులుతుంది. ఆకాశంలోకి సుమారు 25 కిలోల బొగ్గుపులుసు వాయువు చేరుతుంది. 20 కిలోల బొగ్గు నుండి 25 కిలోల వాయువు ఎలా వచ్చిందని ఆశ్చర్యపడనవసరం లేదు. బొగ్గులోని ప్రతి 12 గ్రాముల కార్బనం గాలి నుండి 32 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకొని 44 గ్రాముల వాయువు అవుతుంది.

బూడిద భారం విద్యుత్ కేంద్రం పక్క ఊళ్ళది. వాయువు భారం అందరిదీ. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 భాగాలుగా ఉన్న ఈ వాయువు, హవాయి దీవిలోని మౌనాలోవాలో కొలతలు మొదలైన 1958 నాటికి 315కు చేరింది. 2024లో 420 దాటింది. ఇది భూమి నుండి వెలువడే వేడిని పట్టి ఉంచుతుంది. పారిశ్రామిక యుగపు ఆరంభంతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో భూగోళపు సగటు ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలు ఎక్కువగా ఉన్నదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం 2021లో నిర్ధారించింది.

వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. అందువల్ల వాన కురిసినప్పుడు కుంభవృష్టిగా కురిసే అవకాశం పెరుగుతుంది. మెల్లగా కురిసిన వాన రాతి పగుళ్ళలోకి ఇంకుతుంది. కుంభవృష్టి వాగులై సముద్రానికి పోతుంది. 2021 నవంబరులో తిరుపతి పరిసరాలు అటువంటి వరదనే చూశాయి. ఇలా మోటారు నడిపిన నిప్పు ఆకాశం చుట్టి మళ్ళీ బావి దగ్గరకే వస్తుంది: నీరు దిగింది, కరెంటు పెరిగింది, బొగ్గు కాలింది, వాన తీరు చెడింది, నీరు మరింత దిగింది. ఒక పని ఫలితం చుట్టుతిరిగి ఆ పని మీదనే ప్రభావం చూపడం పర్యావరణ శాస్త్రంలో అతి ముఖ్యమైన పాఠం.

ఫిఖహ్‌లో బావి హద్దు

నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. నేటి మోటారు ఈ మూడింటిలో రెండింటిని, నీటిని నిప్పును, ఒకేచోట చేరుస్తుంది. ఉమ్మడి సొత్తు అంటే ఎవరికి చేతనైనంత వారు తీసుకోవచ్చునని అర్థం కాదు. భాగస్వామికి భాగం మిగలాలి.

ఫఖీహ్‌లు ప్రతి బావి చుట్టూ హరీం అనే రక్షిత స్థలాన్ని నిర్ణయించారు. ఆ స్థలంలో మరొకరు బావి తవ్వరాదు. హనఫీ గ్రంథాలలో చేతితో తోడే బావికి ఇది 40 మూరలు, అనగా సుమారు 20 మీటర్లు. ఒంటెతో తోడే బావికి 60 మూరలని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల అభిప్రాయం. ఒంటె మోకు లాగుతూ నడవడానికి చోటు కావాలి గనుక. ఇమామ్ అబూ హనీఫా దానికి కూడా 40 మూరలే అన్నారు. 1869-1876 మధ్య ఉస్మానీ ప్రభుత్వం కూర్చిన మజల్లా న్యాయస్మృతిలోనూ ఈ హరీం నియమం ఉంది. అయితే హరీంకు ఆవల తవ్విన బావి వల్ల మొదటి బావి నీరు పోయినా తవ్వినవానిపై బాధ్యత లేదని కూడా ఆ గ్రంథాలే చెబుతాయి. భూమి లోపలి నీరు ఎవరి సొంతమూ కాదన్నది అందుకు కారణం.

చేద, మోకు ఉన్న కాలంలో ఆ హద్దు సరిపోయింది. సబ్‌మెర్సిబుల్ మోటారుకు 20 మీటర్లు ఒక లెక్క కాదు. రాష్ట్రంలో 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం - వాల్టా - ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు ఇతర అవసరాలకు బావి తవ్వడాన్ని నిషేధించింది. తోడే శక్తి పెరిగితే హద్దూ పెరగాలి. ఎవరికీ నష్టం కలిగించరాదన్న ప్రవక్త (స) బోధన ఫిఖహ్‌లో మూలసూత్రంగా నిలిచింది. కాబట్టి దూరాన్నే కాక లోతును, హార్స్‌పవరును కూడా ఆ సూత్రంతో ఎలా కొలవాలన్న ప్రశ్న నేటి ఉలమాల ముందు ఉన్నది. దీనికి జవాబు శాస్త్రజ్ఞుల సహకారం లేకుండా దొరకదు.

లెక్క రాయడమే మొదటి మెట్టు

కొందరు సౌరశక్తి వస్తే చిక్కు తీరుతుందంటారు. సగమే నిజం. సౌరపంపు పొగను, బూడిదను ఆపుతుంది. భూమిలో నీటిని మాత్రం పెంచదు. ఎండ ఉచితం గనుక పొద్దంతా మోటారు నడిపితే బావి మరింత త్వరగా ఎండవచ్చు.

మేలైన మార్గం ఇక్కడి రైతులే చూపారు. 2003 తరువాత చిత్తూరుతో సహా ఏడు జిల్లాలలో సాగిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకంలో రైతులు తామే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఊరంతా కూర్చుని, ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం మాత్రం ఎవరిది వారిదే. దానితో పాటు చెరువు పూడిక తీయడం, వంక కాలువలు బాగుచేయడం, చెరకు, వరి ఉన్నచోట కొంత మేర ఆరుతడి పంటలు వేయడం ఏ ఊరైనా చేసుకోగల పనులు.

మస్జిద్ కూడా ఈ లెక్కకు వెలుపల లేదు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అనగా లీటరు కంటే తక్కువతో వుజూ చేసేవారని హదీసులు చెబుతాయి. నిమిషానికి ఆరు లీటర్లు పారే కొళాయిని రెండు నిమిషాలు తెరిచి ఉంచితే 12 లీటర్లు. రోజుకు అయిదు పూటలా వందమంది చొప్పున వుజూ చేస్తే ఆరు వేల లీటర్లు. ముద్ద్ చొప్పున అయితే 400 లీటర్లు కూడా కావు. తేడా మొత్తం ఇస్రాఫే, దుబారాయే. ఆ నీరు 100 మీటర్ల లోతు నుండి వచ్చినదైతే దానితో పాటు రోజుకు అయిదు యూనిట్ల కరెంటు, మూడు కిలోలకు పైగా బొగ్గు వృథా.

మోటారు ఆపమని ఏ శాస్త్రమూ చెప్పదు. తిండికి, తాగునీటికి, ఉపాధికి అది అవసరం. నడిపేవాడు తన మీటరు వంకే చూడక, పక్కవాని బావిలోకి కూడా ఒకసారి తొంగి చూడాలన్నదే ఇక్కడి విషయం. నీరు అమానతు. అమానతును వాడుకొనేవాడు లెక్క చెప్పవలసినవాడు.